జరగని మీటింగులో రాజీనామా

ఆ ఉదయం అన్న వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి కంపెనీ సెక్రటరీని వెంటబెట్టుకుని తాళాల ఫ్యాక్టరీకి రావడం, పని హడావిడిలో ఉన్న చెల్లెలి చేత ఫైలులో రెండు సంతకాలు పెట్టించడం, పదింటికల్లా వెళ్లిపోవడం. ఆ ప్రైవేటు కంపెనీకి డైరెక్టర్లు ముగ్గురే: మేనేజింగ్ డైరెక్టరైన అన్న, ఆయన భార్య, ఫ్యాక్టరీ నడిపే చెల్లెలు. పన్నెండేళ్లలో ఒక్క బోర్డు మీటింగూ జరగలేదు. మీటింగు జరిగినట్టు మినిట్స్ ఆ సెక్రటరీ ఇంటి దగ్గరే రాసుకొచ్చేవాడు, ముగ్గురూ కళ్లు మూసుకుని సంతకాలు గీకేవారు.

ఆ రోజు చెల్లెలి చేతులకు గ్రీజు అంటుకుని ఉంది. తుడుచుకుంటూ ఊరికే నిలబడలేక పై కాగితం చదివింది.

"అన్నయ్యా, పోయిన నెల మూడో తేదీన నేను రాజీనామా చేశానట. బోర్డు బరువెక్కిన గుండెతో ఆమోదించిందట."

"ఫార్మాలిటీ అమ్మా. తాళాల్లో నాసిరకం స్ప్రింగు వేయనని మొండికేస్తున్నావుగా. కొన్నాళ్లు విశ్రాంతి తీసుకో."

ఆ షెడ్డులోనే పన్నెండేళ్లు అరిగిపోయిన మనిషికి ఒళ్లు మండింది. "సంతకం పెట్టను. ఆ స్ప్రింగూ వేయను. అసలు మూడో తేదీన మీటింగు ఎక్కడ జరిగింది?"

అన్న సాక్ష్యం కోసం భార్యకు ఫోన్ చేసి స్పీకర్లో పెట్టాడు. "మూడో తేదీన నువ్వు ప్రతిపాదించావు కదా?"

"ఆ రోజు పన్ను పీకించుకున్నానండీ. సాయంత్రం దాకా నోరే తెరవలేదు."

"అయితే ఐదో తేదీ అని దిద్దు," అన్నాడు అన్న సెక్రటరీతో.

"ఐదు ఆదివారం సార్. ఫ్యాక్టరీకి తాళం."

"ఎనిమిది?"

"ఆ రోజు మీరు పెళ్లికి ఊరెళ్లారు. టికెట్టు నేనే తీశాను."

చెల్లెలు కుర్చీ లాక్కుని కూర్చుంది. "జరగని మీటింగు చెల్లుతుందా?"

"చెల్లదు మేడమ్."

"మరి అన్నయ్యను మళ్లీ మేనేజింగ్ డైరెక్టర్‌ని చేసిన మీటింగో?"

సెక్రటరీ పేజీలు తిరగేశాడు. "అదీ మా ఇంట్లో రాసిందే."

"నీకు ఉద్యోగం ఇచ్చిందెవరో గుర్తుందా?" అని గుడ్లురిమాడు అన్న.

"గుర్తుంది సార్. ఆ మినిట్స్ కూడా నేనే రాసుకున్నాను."

ఇక నిజంగానే మీటింగు పెట్టక తప్పలేదు. ముగ్గురికీ ఏడు రోజుల ముందు నోటీసులు వెళ్లాయి. మొట్టమొదటి అసలు మీటింగులో అన్న మేనేజింగ్ డైరెక్టరుగా తన పేరు తానే ప్రతిపాదించుకుని, బలపరచమని భార్య వైపు చూశాడు.

"పన్నెండేళ్లకు ఇవాళ నా అభిప్రాయం అడిగారు. కాస్త ఆలోచించుకోనివ్వండి," అందామె. టీ మొత్తం తాగేదాకా ఆలోచించి, ఆడపడుచు పేరు ప్రతిపాదించింది. చెల్లెలు చెయ్యెత్తింది. ఆ చేతికి ఇంకా గ్రీజు ఉంది.

రెండు ఓట్లతో నెగ్గిన ఆ తీర్మానాన్ని ప్రతిపాదించిన డైరెక్టరూ, వ్యతిరేకంగా ఓటు వేసిన డైరెక్టరూ ఒకే కారులో ఇంటికి వెళ్లారు.