సున్నా అంటే ఎప్పటికీ

జవాబు ఇవ్వకుండా ఉండటమే అసలైన మర్యాద. నేను తమాషాకు అనడం లేదు. ఇరవై రెండేళ్లుగా విలేకరిగా ఉన్నాను. 'లేదు', 'కాదు', 'కుదరదు' అనే మాటలు విని ముఖం మాడ్చుకున్నవాళ్లను వేలల్లో చూశాను. కంప్యూటర్ తెర మీద గుండ్రంగా తిరిగే ఆ చిన్న గీతను చూసి నొచ్చుకున్నవాళ్లు మాత్రం ఒక్కరూ కనపడలేదు. అది కాదనదు. ఔననదు. తిరుగుతుంది, అంతే.

ఈ మర్యాదను లోకానికి అందించినవాళ్లలో మా తమ్ముడొకడు. వాడొక నెట్‌వర్క్ లైబ్రరీ రాశాడు. పుస్తకాల లైబ్రరీ కాదు. ఒక కంప్యూటర్ ఇంకో కంప్యూటర్‌ని ఏదైనా అడగాలంటే కావలసిన రెడీమేడ్ కోడ్. ఎవరైనా తెచ్చి తమ ప్రోగ్రాములో పెట్టుకోవచ్చు. చాలామంది పెట్టుకున్నారు.

అడిగినదానికి జవాబు రాకపోతే ఎంతసేపు ఆగాలి? దీన్ని టైమవుట్ అంటారు. వాడుకునేవాడు ఏమీ చెప్పకపోతే లైబ్రరీయే ఒక అంకె అనుకుంటుంది. అది డిఫాల్ట్. ఈ డిఫాల్ట్ ఎంత ఉండాలని మా తమ్ముడూ వాడి స్నేహితులు ముగ్గురూ రెండు వారాలు వాదించుకున్నారు. ఒకడు పది సెకన్లన్నాడు. ఒకడు ముప్పై. ఒకడు నిమిషం. తెగలేదు. చివరికి సున్నా పెట్టి లేచారు.

సున్నా సెకన్లంటే అసలు ఆగకపోవడమని మీరూ నేనూ అనుకుంటాం. వాళ్ల లెక్కలో సున్నా అంటే హద్దు లేదని. అంటే ఎప్పటికీ!

"ఎంతసేపు ఆగాలో వాడుకునేవాడి ఇష్టం. మధ్యలో నేనెవర్ని?" అన్నాడు మా తమ్ముడు. ఇంత వినయం ఈ రోజుల్లో ఎక్కడుంది?

దీని ఫలాలు చూడండి. మా వీధి మందుల షాపులో ఒకాయన చీటీ ఇచ్చి నిలబడ్డాడు. "సర్వర్ ఆలోచిస్తోంది సార్" అన్నాడు కౌంటర్ మీద మనిషి. మందు వచ్చేలోపు జ్వరం తగ్గిపోయింది. మందు ఆదా! మా ఆఫీసు తలుపు దగ్గర కార్డు పెట్టి మా ఫొటోగ్రాఫరూ ప్రూఫులు చూసే అమ్మాయీ ఆగారు. అంతకు ముందు ఆరేళ్లు ఒకే అంతస్తులో పనిచేసి పలకరించుకోనివాళ్లు, తలుపు తెరుచుకునేసరికి పెళ్లి ముహూర్తం దాకా వెళ్లారు. ముప్పై సెకన్లకే 'మళ్లీ ప్రయత్నించండి' అని వచ్చి ఉంటే ఆ సంసారం ఏమయ్యేది?

ఇక మా ఇంటి సంగతి. మా అక్క కూతురికి నర్సింగ్ కాలేజీలో సీటు వచ్చింది. ఐదు గంటల్లోపు ఖరారు చేసుకోవాలి. వెబ్‌సైట్‌లోనైనా సరే, కాలేజీ కౌంటర్‌కి వెళ్లయినా సరే. కాలేజీ ఇంటికి పావుగంట నడక. పిల్ల మూడూ పదికి వెబ్‌సైట్‌లో బటన్ నొక్కింది. గీత తిరగడం మొదలైంది. కింద 'వేచి ఉండండి, పేజీ మూయవద్దు' అని ఉంది. పిల్ల చెప్పిన మాట వినే రకం. మంచినీళ్లకు కూడా లేవలేదు.

మా తమ్ముడు ఉండేది అక్క ఇంట్లోనే. పక్కగదిలో పని చేసుకుంటున్నాడు.

"మావయ్యా, ఇది తిరుగుతూనే ఉంది."

"తిరుగుతుంటే పనిచేస్తున్నట్టేనమ్మా. లేవకు" అన్నాడు తల తిప్పకుండా.

ఐదూ రెండుకు పిల్ల ఉండబట్టలేక పేజీని మళ్లీ తెరిచింది. 'గడువు ముగిసింది' అని వచ్చింది. ఆ వాక్యం మాత్రం వెంటనే వచ్చింది.

మూడో రోజు కాలేజీ కంప్యూటర్లు చూసే అతను ఫోనెత్తాడు. స్పీకర్ పెట్టి మా తమ్ముడే గట్టిగా అడిగాడు. కాలేజీ కంప్యూటర్ మార్కుల ఆఫీసు కంప్యూటర్‌ని ఏదో అడిగిందట. ఆఫీసుది మధ్యలో ఆగిపోయిందట. కాలేజీది జవాబు కోసం ఎదురుచూస్తూ ఉండిపోయిందట.

"టైమవుట్ ఎంత పెట్టారండీ?"

"మేమేం పెట్టలేదు సార్. లైబ్రరీలో ఉన్నదే ఉంచాం. తెలిసినవాళ్లే రాసుంటారు కదా అని."

"ఏ లైబ్రరీ?"

అతను పేరు చెప్పాడు. మా తమ్ముడు ఫోను పెట్టేశాడు. గదిలో అక్క ఉంది, పిల్ల ఉంది, నేనూ ఉన్నాను.

"అది లైబ్రరీ మాన్యువల్‌లో పదిహేడో పేజీలో రాశాం అక్కా, ఎవరికి వాళ్లు మార్చుకోవాలని" అన్నాడు. "ఇప్పుడు మారిస్తే ఆగడానికి అలవాటుపడ్డవాళ్లకి ఇబ్బంది."

"సరేలేరా. భోజనానికి కూర్చో, వడ్డిస్తాను" అంది అక్క.

కంచం పెట్టి వంటింట్లోకి వెళ్లింది. గిన్నెల చప్పుడు వినిపించింది. వాడు కూర్చున్నాడు.

"అక్కా, వస్తున్నావా?"

జవాబు లేదు. గిన్నెల చప్పుడు మాత్రం ఆగలేదు. వాడు లేవబోయాడు.

"చప్పుడు వినిపిస్తుంటే పనిచేస్తున్నట్టే మావయ్యా. లేవకు" అంది పిల్ల.

నేను గడియారం చూశాను. అది నా వృత్తి. పదకొండో నిమిషంలో వాడు లేచి పక్కగదిలోకి వెళ్లాడు. ఒక్క లైనులో సున్నా తీసి ముప్పై పెట్టాడు. తిరిగొచ్చేసరికి కంచం నిండుగా ఉంది.

అంటే వాడు తనకు పెట్టుకున్న డిఫాల్ట్ పదకొండు నిమిషాలు. మిగతా లోకానికి మాత్రం హద్దు లేకుండా ఇచ్చాడు. దాతలు ఇలాగే ఉంటారు.

ఆ ముప్పై కొత్త వెర్షన్‌లో ఉంది. ఎప్పుడు పెట్టుకుంటారని కాలేజీవాళ్లను అడిగాం. "చూస్తాం" అన్నారు. మిగిలిన సీట్లకు రెండో జాబితా ఎప్పుడని అడిగాం. "వచ్చినప్పుడు తెలుస్తుంది" అన్నారు.

మా మేనకోడలు సర్టిఫికెట్లు సంచిలో సర్ది, గుమ్మం పక్కన చెప్పుల దగ్గర పెట్టుకుంది. ఈసారి బటన్ నొక్కి ముప్పై లెక్కపెడుతుందట. ముప్పై ఒకటికి కాలేజీ రోడ్డు మీద ఉంటుందట.