ఓడ ఎక్కనన్న మోయిరా

డాక్టర్ హెస్టర్ థ్రెల్కెల్డ్ ఆ ఉదయం మాడిన టోస్టు నములుతూ గట్టిగా నిశ్చయించుకుంది. యూనివర్సిటీలో తను చెప్పే పాత ఇంగ్లీషు నాటకాల కోర్సును చచ్చినా మూతపడనివ్వదు. దాన్ని మూయించాలని చూస్తున్న డీన్ ఓగిల్ ఇవాళ పాఠం చూడ్డానికి వస్తున్నాడు. గదిలో చదివి వినిపిస్తే ఆవలిస్తాడు. అందుకే ఆ పాతకాలంలో ఒక్కో వృత్తిసంఘం వాళ్లు ఒక్కో బైబిలు కథ వేసినట్టే, దేవుడి ఆజ్ఞతో ఓడ కట్టి జలప్రళయాన్ని దాటిన నోవహు నాటకాన్ని బండి మీద నడివీధిలో వేయించబోతోంది. ఓడ కథ ఓడలు కట్టేవాళ్ల వాటా. వాళ్లెవరూ ఇప్పుడు ఊళ్లో లేరు కాబట్టి, నీళ్లతో సంబంధం ఉన్నవాడని ప్లంబర్ బార్నీ సగ్డెన్‌ని నోవహును చేసింది. ఓడ ఎక్కనని మొండికేసే నోవహు భార్యగా బార్నీ సొంత భార్య మోయిరానే పెట్టింది. విద్యార్థులకు ఒకటే ఆదేశం: ఆనాటి జనంలా నోరు చేసుకుంటూ చూడాలి.

తీరా చెక్క ఓడ అమర్చిన బండి మాంసం కొట్టు మలుపులో ఇరుక్కుంది. వెనకాల బస్సు ఆగింది. హెస్టర్ బెదరలేదు. "ఇక్కడే కానిచ్చేయండి!" అంది.

"ఎక్కవే, వరదొస్తోంది!" అన్నాడు బార్నీ.

"మన వంటింట్లో వరదొచ్చి నెలైంది. కొళాయి బాగుచెయ్యలేనోడివి, లోకాన్నేం ఉద్ధరిస్తావయ్యా?"

ఈ మాట నాటకంలో లేదని చూసేవాళ్లలో హెస్టర్ ఒక్కదానికే తెలుసు. విద్యార్థులు ఈలలు వేశారు. కొట్టు ముందున్న ఆడవాళ్లు మోయిరా పక్షం చేరారు. బస్సు డ్రైవరు దిగొచ్చి బార్నీని వెనకేసుకొచ్చాడు.

"నాటకంలోకి రా, మోయిరా!" హెస్టర్ బండి అంచు పట్టుకుని పళ్లు బిగించింది.

"ఉండు డాక్టరమ్మా! ఇంట్లో చేతికి చిక్కడు, ఇవాళ దొరికాడు."

అప్పుడే వచ్చిన డీన్ ఆ గోల చూసి మండిపడుతూ బండెక్కేశాడు. "ఆపండి! ఇది నా ఆజ్ఞ!"

తెల్ల గడ్డం, ఆ గొంతు. దేవుడి వేషం వచ్చిందనుకుని జనం చప్పట్లు కొట్టారు.

"వచ్చావా ప్రభువా," మోయిరా నడుం మీద చేతులు పెట్టుకుంది. "వీడికి ఓడ పని అప్పగించేముందు నన్నో మాట అడిగావా?"

"నేను డీన్‌ని!"

"ఎవడివైతేనేం, ఆవిడకి జవాబు చెప్పు!" అరిచాడు డ్రైవరు.

ఇంతలో వాన దబదబా దిగింది. గొడుగు లేని దేవుడు అందరికన్నా ముందు ఓడలో దూరాడు. జుట్టు పాడవుతుందని మోయిరా అతని వెంటే దూరింది. వీధి హోరెత్తిపోయింది.

గడ్డం పిండుకుంటూ డీన్ హెస్టర్ చెయ్యి పట్టుకున్నాడు. "నా ఉద్యోగంలో నాకెవరూ చప్పట్లు కొట్టలేదమ్మా. ఈ కోర్సు ఉండి తీరాల్సిందే!"

హెస్టర్ కళ్లు చెమర్చాయి.

"అదీ ఇలా వీధిలోనే ఉండాలి," అన్నాడాయన. "ఇంక దీనికి గదెందుకు చెప్పు?"

సోమవారానికల్లా హెస్టర్ తరగతి గదిలో పార్కింగ్ విభాగం వాళ్లు టీ కాచుకుంటున్నారు.