మింగమన్న కూత

ఒక పెద్ద అడవిలో, మధ్యాహ్నం మూడు గంటలు. మబ్బు పట్టింది. గాలి లేదు. వాన పడేట్టు లేదు.

అలాంటి రోజున వాగు గట్టున ఎవరో ఒకరు కాపలా ఉండాలి. ఆ వారం వంతు నాది. నేను తీతువుని. గడ్డి కదిలితే అరవడం మా కొలువు. నేను సెలవు చీటీ పెట్టేసి, ముగ్గురు పిల్లల్ని వెంటేసుకుని, విశ్వవిద్యాలయం వార్షికోత్సవంలో ముందు వరసలో కూర్చున్నాను.

నాలుగోది వేదిక మీద ఉంది. పేరు మువ్వ. కన్నపిల్ల బృందగానంలో నిలబడుతుంటే, గట్టున గడ్డి చూస్తూ ఏ తల్లి కూర్చుంటుంది?

కూర్చోవలసింది. మొదటినుంచి చెబుతాను.

మా విశ్వవిద్యాలయానికి ఉపకులపతి ఎలుగుబంటి. పేరులో ఎలుగు ఉంది గాని, ఆయన ఎలుగెత్తగా విన్నవాళ్ళు లేరు. శాలువాలు మాత్రం బాగా కప్పుతారు. ఎదురొచ్చినవాళ్ళకి ముందు కప్పేసి, తర్వాత పేరు అడుగుతారు.

ఆ ఏడు గ్రేడు వేసే కమిటీ వస్తోందని కబురొచ్చింది. పక్క అడవి నుంచి మూడు కొంగలు. ఒంటికాలి మీద నిలబడి, కళ్ళు మూసుకుని మార్కులు వేస్తారు. వాళ్ళ కాగితంలో ‘ఏకకంఠం’ అని ఒక గడి ఉందట. దానికే పది మార్కులు. చిరుత బెడద లేని అడవి అయితే ఇంకో పది.

అందుకని విద్యార్థుల చేత ‘చిరుత లేని అడవి’ అని ఒక నాటకం కట్టించారు. అందులో చిరుత వచ్చి అందరికీ క్షమాపణ చెప్పి గడ్డి తింటుంది. కొత్త తరహా నాటకం కాబట్టి ప్రేక్షకుల వెనకనుంచి నడిచి వస్తుంది. ముందుగా బృందగానం. పల్లవి ‘భయం లేదు, భయం లేదు’.

పాట నేర్పేది కోకిల మాస్టారు. మువ్వనీ చేర్చుకోమని నేను వెళ్ళి అడిగాను.

“మీ ఇంటి గొంతు సంగతి మీకు తెలుసు కదా, తీతువమ్మా,” అన్నారు.

తెలుసు. మేం అరిస్తే కీడు అంటారు. కీడు వస్తే మేం అరుస్తామన్నది ఎవరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు. ఆ గొంతుకి నేనూ సిగ్గుపడ్డాను.

“పాడదు లెండి, మాస్టారూ. నిలబడుతుంది. ముక్కు కదుపుతుంది.”

ఆయన కాసేపు ఆకాశం చూశారు. “మా ఇంట్లో ఒక గుడ్డుంది. పొదగడానికి మా ఆవిడకి తీరిక లేదు.”

“మా గూట్లో పెట్టండి,” అన్నాను.

అలా మువ్వకి చోటు దొరికింది. ఇంట్లో సాధన నేనే చేయించాను.

“అమ్మా, కూత గొంతు దాకా వస్తే?”

“మింగు.”

“ప్రతిసారీనా?”

“ఏకకంఠం అంటే అదే.”

నెల రోజులు మింగింది. పిల్లకి జబ్బు చేసిందా అని పక్కపొద వాళ్ళు అడిగారు. కళాకారిణి అయిందని చెప్పాను.

ఆ మధ్యాహ్నం నా పక్కన కుందేలొదిన కూర్చుంది. చిరుత వేషం ఆవిడ కొడుకు చెంగుది. ఒంటి నిండా బంకమట్టి పూసి, బొగ్గుతో చుక్కలు పెట్టారు.

“నీ పిల్లది పాట వరకే కదా, వదినా. మావాడిది ముఖ్యపాత్ర,” అంది.

“మావాళ్ళు చిరుతని చూస్తే అరుస్తారు. మీవాళ్ళు పరుగెత్తుతారు. వేషానికి పరుగెత్తేవాడే దొరికాడా?” అన్నాను.

“కుళ్ళుకోకు,” అంది.

మోదుగాకుల తెర లేచింది. ఇరవై పిట్టలు బండ మీద వరసగా నిలబడ్డాయి. మువ్వ చివర ఉంది. భావం పండాలని మాస్టారు అందర్నీ కళ్ళు మూసుకుని పాడమన్నారు. మాస్టారూ మూసుకున్నారు. కమిటీ ఎలాగూ మూసుకునే ఉంది.

మువ్వకి పాట లేదు కాబట్టి కళ్ళు మూసుకోమని ఎవరూ చెప్పలేదు.

‘భయం లేదు, భయం లేదు’ అని రెండు చుట్లు బాగా సాగింది. మూడో చుట్టులో మువ్వ ముక్కు తాళం తప్పింది. మెడ నిక్కించింది. కళ్ళు నా తల మీదుగా ఎక్కడికో చూస్తున్నాయి. గొంతు కింద ఏదో ఎగిరెగిరి పడుతోంది.

నా పరువు పోతోందనుకున్నాను. దాని వైపు గుడ్లురిమి చూశాను. మింగమని సైగ చేశాను.

మింగింది. పాపం, అప్పుడు కూడా మింగింది.

వెనక వరసల్లో గుసగుసలు మొదలయ్యాయి. “చిరుత అప్పుడే వచ్చేసిందే.” “పాట అయిపోలేదుగా?” “మేకప్పు మాత్రం అదిరింది.”

కుందేలొదిన సగం తిరిగి చూసి, చెవులు సర్దుకుంది. “మావాడే. వేషం వేస్తే ఎంత ఎదిగిపోయాడో చూడు, వదినా.”

నేను తిరగలేదు. మువ్వ వైపు ఉరిమి చూస్తూనే ఉన్నాను. ఉపకులపతి గారు మాత్రం లేచారు. గిజిగాడు నేసిన కొత్త శాలువా విప్పుకుంటూ, చిరుతకి ఎదురు నడిచారు.

అప్పుడు మువ్వ అరిచింది.

“తీ తీ తూ!”

పాట ఆగిపోయింది. మిగతా పిట్టలన్నీ కళ్ళు తెరిచి, తప్పు చేసిందెవరా అని మువ్వనే చూశాయి. “శ్రుతి, శ్రుతి,” అన్నారు మాస్టారు. నేను తల రెక్కలో దాచుకున్నాను.

వెనకనుంచి ఎవరో, “వన్స్ మోర్,” అన్నారు. ఇంకొందరు అందుకున్నారు.

మువ్వ మళ్ళీ అరిచింది. ఈసారి నెల రోజులుగా మింగిందంతా బయటికొచ్చింది.

తెర పక్కనుంచి మట్టి పూసుకున్న చిన్న తల ఒకటి బయటికొచ్చింది. “అమ్మా, నా తోక నీ దగ్గరుందా?”

చెంగు.

కుందేలొదిన వేదిక మీద ఉన్న కొడుకుని చూసింది. నడిదారిలో ఉన్న కొడుకుని చూసింది. నేనూ తిరిగి చూశాను.

ఉపకులపతి గారు అప్పటికే శాలువా ఎత్తారు. దగ్గరికి వచ్చాక వాసన తగిలినట్టుంది. కాళ్ళు వెనక్కి తిరిగాయి. చేతులు మాత్రం అలవాటు కొద్దీ కప్పేశాయి. శాలువా చిరుత తల మీద పడింది.

ఆ కాస్త వ్యవధిలో అందరూ లేచారు. ఏకకంఠం అంటే ఏమిటో ఆ అరుపుల్లో విన్నాను.

చిరుత శాలువా విదిలించేసరికి దానికి దగ్గరగా ఉన్నవి నా ముగ్గురు పిల్లలే. నేను కింద పడ్డాను. ఒక రెక్క విరిగినట్టు నేల మీద ఈడ్చుకుంటూ, మూలుగుతూ, దాని ముక్కు ముందునుంచే వాగు వైపు పాకాను. గూటి మీదికి ఎవరొచ్చినా మా అమ్మ ఇదే చేసేది. ఏ మాస్టారూ నేర్పలేదు.

చిరుత నా వెంట వచ్చింది. గట్టు దాకా వచ్చింది. పంజా ఎత్తినప్పుడు రెండు రెక్కలూ విప్పి పైకి లేచాను. అది కాసేపు నన్నే చూసింది. వన్స్ మోర్ అనలేదు. వాగు దాటి వెళ్ళిపోయింది.

ఆ రోజు నటించినదాన్ని నేనొక్కదాన్నే. చూసింది అదొక్కటే.

ఇంటికి వస్తుంటే దారిలో కోకిల మాస్టారు కనిపించారు.

“ఏకకంఠానికి సున్నా వేశారమ్మా. ఒక గొంతు విడిగా వినబడిందట. చిరుత వేషానికి మాత్రం పదికి పది.”

“మా మువ్వని చూశారా, మాస్టారూ?”

“చూడ్డం కూడానా? విన్నాం కదా,” అని వెళ్ళిపోయారు. గుడ్డు సంగతి అడగలేదు.

పొద్దు వాలుతుండగా గూడు చేరాను. పక్కపొదలో కుందేలొదిన చెంగుకి మట్టి కడుగుతోంది. ఇద్దరూ ఉన్నారు.

మావాళ్ళని లెక్కపెట్టాను. పెద్దది, ఒకటి. కుంటుతోంది, కాని ఉంది. రెండోది, రెండు. మూడోది శాలువా పోగు ఒకటి ముక్కున కరుచుకుని పడుకుంది. మూడు. గుడ్డు మా లెక్కలోది కాదు. అయినా తడిమి చూశాను. ఉంది.

మళ్ళీ మొదలుపెట్టాను. ఒకటి, రెండు, మూడు.

మూడోసారి లెక్కపెడుతుంటే, వాగు గట్టునుంచి వినబడింది. “తీ తీ తూ.” పిలుపు కాదు, భయం కాదు. కాపలా ఉన్నానని చెప్పే మామూలు కూత. ఆ వారం వంతు మా ఇంటిదని దానికి గుర్తుంది.

నాలుగు.

నీతి: మార్కులు కావాలంటే పిల్లని నోరు మూసుకోమనండి, పిల్ల కావాలంటే మాత్రం అనకండి.