మేక పక్కన జాగా

జిల్లాలో కళ బ్రహ్మాండంగా అభివృద్ధి చెందిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. కళాభ్యుదయ సంఘం ప్రదర్శనలో రోజారమణి అతికించిన బొమ్మను సంఘం హాల్లో శాశ్వతంగా ఉంచాలని తీర్మానం కూడా అయింది.

రోజారమణిది పానగల్. బడిలో డ్రాయింగు చెబుతుంది. చిరిగిన ఫ్లెక్సీలు, ఇంట్లో మగ్గం కింద మిగిలిన పేలికలు కత్తిరించి జంతువులను చేస్తుంది. ఈ బొమ్మలో శాలువా కప్పుకున్న గాడిద రిబ్బన్ కత్తిరిస్తోంది. నల్లద్దాల బర్రె కుర్చీలో కూర్చుంది. కోడిపుంజు మైకు పట్టుకుంది. కింద మూలకు ఒక మేక. దాన్ని మాత్రం చనిపోయిన అవ్వ నేసిన ఆఖరి చీర కొంగుతో చేసింది. అందరి మెడల్లోనూ దండలున్నాయి. మేక మెడలో దండ ఎందుకుంటుందో మన జిల్లాలో పసిపిల్లలను అడిగినా చెబుతారు.

మొదటిరోజే ఒక నాయకుడి అనుచరుడు దామోదర్ మందిని వెంటేసుకొని దిగాడు.

"గాడిద మా అన్ననే గదా మేడం?"

"ఎవ్వరు గాదన్నా. ఉత్త గాడిదనే."

"ఎవ్వరు గాదంటె ఎట్ల? అన్న పొద్దుగాలనే స్టేటస్ పెట్టుకున్నడు. గాని బర్రె కంటె చిన్నగ ఎందుకు పెట్టినవ్?"

తప్పు ఆమెదే. ఫ్లెక్సీ ముక్కలతో చేసినదాన్ని జనం ఫ్లెక్సీలాగే చదువుతారని ఊహించలేదు. మొహం ఎంత పెద్దదో మనిషి అంత పెద్దవాడు, పైవరుసలో ఉంటే పైవాడు. ఈ శాస్త్రం ఏ కాలేజీలోనూ చెప్పరు, అయినా అందరికీ కంఠతా వచ్చు.

గాడిద పెరిగింది. బర్రె వర్గం ధర్నాకు కూర్చుంది, బర్రె ఇంకాస్త పెరిగింది. కోడిపుంజును పైవరుసకు ఎక్కించమని వచ్చినవాళ్లు దానికీ ఒక కుర్చీ అడిగారు. జంతువుగా ఎందుకు చూపావని మాత్రం ఒక్కరూ అడగలేదు. మన నాయకుల హృదయాలు అంత విశాలమైనవి.

చివరికి జాగా చాలలేదు. సంఘం కార్యదర్శి మురళీమోహన్ బొమ్మను ఎగాదిగా చూసి మేక మీద వేలు పెట్టాడు.

"దీని తరఫున ఎవ్వరు రాలే. తీసెయ్యమ్మా."

రోజారమణి మేకకు చెయ్యి అడ్డం పెట్టింది. అవ్వ చేతి గుడ్డ ఇంట్లో ఇంకెక్కడా లేదు. "మేకను తీస్తే బొమ్మనే తీస్కపోత సార్."

"అయితె గది ఎవరో చెప్పు."

ఆమెకు మరేం తోచలేదు. "ప్రజలు సార్."

మురళీమోహన్ మెత్తబడ్డాడు. "ముందుగాల చెప్పొద్దా? ప్రజలు లేకుంటె ఎట్ల? ఉండనియ్యి." వెళ్లబోతూ ఆగాడు. "కాకపోతే జర చిన్నగ చెయ్యి."

అవ్వ కొంగుకు కత్తెర పెట్టడానికి ఆమెకు చేతులు రాలేదు. కింద మడిచి అతికించింది. మేక కాళ్లు ముడుచుకుని కూర్చున్నట్టయింది.

బొమ్మ ఇప్పుడు హాల్లో ఉంది. ఆదివారాలు జనం పిల్లాజెల్లాతో వచ్చి సెల్ఫీలు దిగుతున్నారు. గాడిద దగ్గర ఒకటే తోపులాట. మేక పక్కన జాగా ఖాళీగానే ఉంది, ఇటు రండని రోజారమణి పిలిచి చూసింది.

"మేక పక్కన నిలవడితె ఏం మంచిగుంటది మేడం" అని నవ్వి, అందరూ గాడిద వైపే జరిగారు. ఆ ఫొటోలో మనమూ ఉన్నాం. వెనక వరుసలో, సగం మొహంతో.