రెండున్నర నూలు విజయము

వినుడు, వినుడు! టీ గ్లాసు చేతనున్నవారు టీతోనే వినుడు. ఫోను చేతనున్నవారు దానిని బోర్లించి వినుడు.

తిరుపతికి ఆగ్నేయ దిగ్భాగమున, చెన్నపట్టణమునకు పోవు బస్సుల దుమ్మే నిత్యాభిషేకముగా గల నగరి పట్టణమున, ఆకాశమునకు ముక్కు చూపి పండుకొన్న కొండకు ఎదుట, నీరున్న యేట నదియు లేని యేట ఇసుకయు అగు కుశస్థలీ తీరమున, మరమగ్గముల టకటకారావము వీధి వీధినెల్ల నింపుచుండగా, మొన్నటి శ్రావణ శుక్రవారమున, ఉదయము ఎనిమిది గంటల పది నిమిషములకు, రాహుకాలమునకు ఇంకను రెండు గంటల ఇరువది నిమిషముల వ్యవధి యుండగా, నేతవీధి సుధాకరుడును, గ్రీజుచర్చిత బాహుదండుడును, పదునాలుగవ నంబరు స్పానరే గాండీవముగా గలవాడును అగు చెంగల్రాయుడు తన అంబాసిడర్ కారు క్రింద వెల్లకిల పరుండి, ముక్కుమీద పెట్రోలు చుక్క పడగా, "అబ్బా" అనెను.

వీరగాథకు ఇది తగిన తొలిపలుకు కాదని నేనెరుగుదును. కాని ఆయన అన్నది అదియే.

ఆ రథ మెట్టిదందురా? ఒకప్పుడు తెల్లనిది. పాకాల జంక్షను దగ్గర దామోదరమను టాక్సీ డ్రైవరు దానిని ఇరువదియేండ్లు నడిపి, పిదప తాను మెకానిక్కుగా మారి, దానిని షెడ్డు వెనుక కోళ్లకు విడిదిగా నొసంగెను. మూడేండ్ల క్రిందట చెంగల్రాయుడు దానిని లారీపై నగరికి తెచ్చి, తన మగ్గముల షెడ్డున, మూడవ మగ్గమునకని విడిచిన చోటున, సగము లోపలను సగము వాకిటను ఉండునట్లు నిలిపెను. చవగా దొరికినదని భార్యతో చెప్పెను. అది అబద్ధము. ఇరువదియారేండ్ల క్రిందట పుత్తూరులో పెండ్లి ముగిసి, కొత్తకోడలు ప్రసూనాంబ వెనుక సీటున ఎడమవైపు కూర్చుండి నగరికి వచ్చినది ఈ కారులోనే. ఆ ముచ్చట ఆమెకు చెప్పవలెనని అతని ప్రాణము కొట్టుకొనుచుండెను. కాని నడవని బండిని చూపి ప్రేమ చెప్పిన నవ్వులపాలగుదునని భయము. బండి నడిచిన దినమున ఆమెను ఆ సీటుననే కూర్చుండబెట్టి చెప్పెదనని శపథము పట్టెను. పట్టి మూడేండ్లయ్యెను.

ప్రసూనాంబ యన సామాన్యురాలా? రెండు మగ్గములను, ఒక మగనిని, కరెంటు లేని పగళ్లను ఏకకాలమున ఏలునట్టి ధీరురాలు. మూడవ మగ్గము ఆ సాయంకాలమే వచ్చుచున్నది. కావున ముందునాడే ఆమె తీర్పు చెప్పియుండెను.

"రేపు రాహుకాలం లోపల నీ కారు తన కాళ్లమీద తాను గడప దాటాల. ఎనక సక్రాలు దాటితే వాకిట్లో పెట్టుకో, నేనేమీ అనను. దాటకుంటే మునెయ్య ఎత్తుకోని పోతాడు. మగ్గానికి సోటు గావాల."

ఆ మునెయ్య పాత ఇనుప సామాన్ల వర్తకుడు. అప్పటికే విచ్చేసి, మోకువంటి త్రాడును ఒడిలో పెట్టుకొని, వాకిటి రాతిమీద కూర్చుండి, ప్రసూనాంబ యిచ్చిన టీని ఊదుకొనుచుండెను. యముడు సైతము ఇంత తీరికగా కూర్చుండడు.

ఇక శత్రు వెవ్వడు? ట్యాంకునుండి పెట్రోలు తెచ్చు సన్నని గొట్టము పంపును కలియుచోటనున్న చిటికెనవ్రేలంత ఇత్తడి నట్టు! దాని సందున చెమ్మ పుట్టి, చెమ్మ చుక్కయై, చుక్క నేలపాలగుచుండెను. పెట్రోలు పోయిన దారినే గాలి చొరబడుటచే ఇంజను రెండుమారులు దగ్గి ఆరిపోవుచుండెను. చెంగల్రాయు డెరిగిన యుద్ధనీతి యొక్కటే: కారిన బిగించుట, మరల కారిన మరింత బిగించుట. ఆ నీతిచేతనే పోయిన ఆదివారము నట్టు కిర్రుమని యేడ్చినది. సబ్బు పూసెను, మైనము మెత్తెను, కారు ముందర అగరొత్తి సైతము వెలిగించెను.

"పెట్రోలు కారతాంటే అగరొత్తి పెడతావా? ఇల్లు తగలబెట్టి గడప దాటిస్తావా?" అని ప్రసూనాంబ దానిని చెంబెడు నీట ముంచి చంపెను.

గంట తొమ్మిదయ్యెను. అంతట వీరుడు అహంకారము వీడి, పాకాలలోని దామోదరమునకు ఫోను చేసి, స్పీకరు పెట్టెను. ఆకాశవాణి ఇట్లు పలికెను.

"ఏముండాదప్పా అంత పెద్ద పని? రెండున్నర నూలు ఆలి ఏసినాక నువ్వు బిగించు. బిగించేటప్పుడు మాత్రం..."

అంతలో జంక్షనున ఏ రైలో శంఖము పూరించెను. ఆ ఘోషలో మాట మునిగెను, ఫోను తెగెను. మరల చేయగా స్విచాఫ్ అనెను. దేవతలు రెండవమారు పలుకరు గదా.

చెంగల్రాయుడు ఆ వాక్యమును మూడుమారులు మననము చేసెను. నేతగాని చెవికి నూలన నూలే, దారపు నూలే. ఆలి యన ఆలియే, కట్టుకొన్న ఆలియే. కావున అర్థము కరతలామలకమయ్యెను: ముందు భార్య తన చేతితో రెండున్నర చుట్లు నూలు వేయవలెను, పిమ్మట భర్త బిగింపవలెను. ఇది ఏదో పాతకాలపు మెకానిక్కుల ఆచారము కాబోలునని యెంచి, గ్రీజు చేతులు తుడుచుకొని, బొంగులకు దారము చుట్టుచున్న ప్రసూనాంబ యెదుట నిలిచెను.

"ప్రసూనా, నీ సేత్తో రెండున్నర సుట్లు నూలు సుట్టాల."

"దేనికి?"

"కారుకి."

"దిష్టికా?"

"తెలీదు. దామోదరం మామ సెప్పినాడు. ఆలి ఏసినాక నేను బిగించాలంట."

ప్రసూనాంబ అతని ముఖమును తేరిపార చూసెను. కంటిక్రింద మసి, మీసమున మైనము. ఆమెకు జాలి వేసెను. జాలితోపాటు నవ్వును వచ్చెను గాని, దానిని పంటి క్రింద అదిమి, బొంగునుండి నూలు లాగి, ఆ నట్టు మరలమీద రెండు చుట్లు చుట్టి, మూడవదానిని సగమున ఆపి, నేతగత్తె ముడి వేసెను. అట్టి ముడి అంబాసిడర్ వంశచరిత్రలో అదివరకు లేదు, ఇకమీద ఉండబోదు.

"హర హర!" అని చెంగల్రాయుడు స్పానరుపై తన సర్వశక్తిని మోపెను. కిర్రు!

ఆహా, ఏమని వర్ణింతును! నూలన వత్తియే గదా. దీపమున నూనెను పీల్చినట్లు ఆ రెండున్నర చుట్లును పెట్రోలును పీల్చి, అంతవరకు చుక్క చుక్కగా జారినదానిని సన్నని ధారగా క్రిందనున్న పళ్లెమునకు దించసాగెను. ట్యాంకున నున్నదే రెండు లీటర్లు. వీరుడు తన వినాశమునకు తానే వత్తి పేని యిచ్చుకొనెను.

మునెయ్య టీ గ్లాసు దించెను. లేచి, త్రాడు కొసను ముందరి బంపరుపై విసరెను.

"టైము తొమ్మిదిన్నరయ్యిందన్నా. కట్టేదా?"

చెంగల్రాయుడు లేచెను. ఈతడు ఊరి భారతోత్సవమున మూడేండ్లు దుర్యోధన వేషము కట్టి, మూడేండ్లును తొడ విరుగగొట్టించుకొన్నవాడు. ఆ పౌరుషమెల్ల ఇప్పుడు గొంతునకు వచ్చెను.

"ఓయి తుప్పు వర్తకా! నీ త్రాడు ఏనుగును కట్టవచ్చును, ఏటిని కట్టవచ్చును, ఊపిరి గల బండిని కట్టజాలదు! ఈ నగరి కొండ ముక్కు వంగి నేలనంటినను, మన కుశస్థలిలో ఏడాది పొడుగునా నీరు పారినను, ఈ చెంగల్రాయుడు చేతి స్పానరు దించడు, దించడు, దించడు!"

"సరేగానన్నా, తలకాయి దించుకో. బానెట్టు తగలతాది."

తగిలెను.

నుదురు పట్టుకొని అతడు షెడ్డు గడపమీద కూలబడెను. అప్పుడు నవ్వేమియు లేదు. మూడేండ్లు ఆదివారములెల్ల ధారపోసిన బండి ఇంకొక గంటలో ముక్కలుగా కోయబడునన్న తలపు అతని కన్నుల నిండెను. ఆ కన్నులను మునెయ్య చూడలేదు. ప్రసూనాంబ చూసెను.

ఆమె వచ్చి ప్రక్కన కూర్చుండెను.

"మామ ఏమన్నాడో మాట మాటకీ సెప్పు."

"రెండున్నర నూలు ఆలి ఏసినాక నువ్వు బిగించు, అన్నాడు."

ఆమె నుదురు కొట్టుకొనెను.

"నూలంటే ఈ నూలు కాదయ్యా! మగ్గానికి బోల్టు కొనేటప్పుడు మూడు నూలు, నాలుగు నూలు అని అడగమా? అంగుళంలో ఎనిమిదో పాలు. ఆయప్ప గొట్టం లావు సెప్పినాడు!"

"మరి ఆలి?"

"పోయిన నెల పొయ్యిలు బాగుసేసే పాల్ వచ్చి మన గ్యాసు పొయ్యికి ఇత్తడి ఉంగరం మార్సలా? దాన్ని ఏమన్నాడు? ఆలివ్. మెకానిక్కుల నోట్లో పడి అది ఆలి అయ్యుంటాది. ఇరవై ఆరేండ్లు కాపరం సేసి, ఆలి అంటే నేనే అనుకుంటివే, అంతవరకు సంతోషం. లెయ్యి, పో!"

అంతట చెంగల్రాయుడు, ఒక కాలికి చెప్పుండియు ఒక కాలికి లేకయు, ప్రక్కవీధిలో గ్యాసు పొయ్యిలు బాగుచేయు పాల్ అంగడికి వాయువేగమున పరుగెత్తెను. దారిలో ఒక ఆవు అతనిని చూసి తప్పుకొనెను. ఆవులు ఎవరికిని తప్పుకొనవని మీరెరుగుదురు. పాల్ రేకు డబ్బా బోర్లించి, గోళ్లతో గాలించి, శనగగింజకంటె కొంచెము పెద్దదగు ఇత్తడి ఉంగరమును అరచేత పెట్టెను.

"పాత ఉంగరం నలిగిపోయి గొట్టాన్ని కరుసుకోని ఉంటాదన్నా. ఆ కొసను కోసేసి దీన్ని ఎక్కించు. నట్టును తిప్పేది మాత్రం మెల్లిగా. ఇత్తడి మెత్తన."

రైలు కూతలో మునిగిపోయిన ఆకాశవాణి శేషభాగము ఇదియే కాబోలు.

పది గంటల ఐదు నిమిషములు. చెంగల్రాయుడు రంపపు బ్లేడుతో గొట్టపు కొసను కోసెను, ఆకురాయితో నునుపు చేసెను, నూలునెల్ల ఒలిచి పారవేసెను. నట్టును ముందు, ఉంగరమును పిదప గొట్టమునకు తొడిగి, పంపునకు చేర్చి, చేతితో తిప్పి, స్పానరు పట్టెను. నట్టు చుట్టు తిరిగి బిగిసెను. ఇంతలో అతని భుజము ఉబ్బెను, దవడ బిగిసెను, ఆదివారపు పాతబుద్ధి మేలుకొనెను.

అతని మణికట్టుమీద రెండు వ్రేళ్లు ఆనెను. ప్రసూనాంబ వ్రేళ్లు.

"పడుగు పోగు మాదిరి, ఎక్కువ లాగితే తెగతాది. ఇంక సాలు."

వినుడు, ఈ గాథలో వీరకృత్యము ఇదియే. బిగించుట కాదు. ఎంతటి యోధులైనను బిగింతురు. ముప్పదియేండ్లుగా చేతికి చిక్కిన ప్రతి నట్టును ప్రాణాంతముగా బిగించిన చెంగల్రాయుడు, అప్పుడు, ఆ వ్రేళ్ల బరువునకు, ఆగెను.

ముగ్గురును వంగి చూసిరి. మునెయ్య సైతము మోకాళ్లపై వంగెను. ఒక నిమిషము గడిచెను. నట్టు పొడిగా నుండెను. ప్రసూనాంబ చీర కొంగుతో అద్ది చూసెను, కొంగును పొడిగానే యుండెను.

పది గంటల ఇరువది నిమిషములు. పళ్లెమున పట్టిన పెట్రోలున సగము సబ్బు, సగము నూలు, అది పనికిరాదు. ట్యాంకున మిగిలినది ఎంతయో దేవునికెరుక. చెంగల్రాయుడు స్టీరింగు చెంతకు పోవుచుండగా వెనుక తలుపు చప్పుడయ్యెను. ప్రసూనాంబ ఎక్కి ఎడమవైపు కూర్చుండెను.

"నువ్వెందుకు?"

"గడప దాటిందో లేదో లోపలుంటే తెలస్తాది. తిప్పు."

ఒకమారు తిప్పెను, రథము మూలిగెను. రెండవమారు తిప్పెను, దగ్గెను. మూడవమారు తిప్పగా, మూడేండ్ల మౌనమును, కోళ్ల ఈకలను, ఒక బొద్దింకను పొగగొట్టమునుండి వెడలగ్రక్కి, ఘుర్ఘురారావముతో గర్జించెను! ఎదురింటి మగ్గము ఆగెను. నేసెడివారు కిటికీలనుండి తలలు చాచిరి. బంపరుమీది త్రాడు జారి నేలబడెను. వీరుడు గేరు వేసి, క్లచ్చు వదలెను. రథము కదలెను, వెనుక చక్రములు గడపనెక్కెను, దిగెను. ఆపై పెట్రోలు తీరి, గౌరవముగా ఆరిపోయెను.

మునెయ్య గడపనుండి వెనుక చక్రము నిలిచినచోటివరకు కాలికి కాలు చేర్చి కొలిచెను.

"దాటిందక్కా. ఏడడుగులు."

చెంగల్రాయుడు వెనుకకు తిరిగి, మూడేండ్లుగా కంఠస్థము చేసిన ఉపన్యాసమును ఆరంభించెను.

"ప్రసూనా, ఈ కారు ఉండాదే..."

"వచ్చి తలుపు తియ్యి. ఇది లోపల్నించి తెరుసుకోదు. ఆ పొద్దు కూడా నువ్వే దిగొచ్చి తీసినావు."

అతడు ఉపన్యాసమును అక్కడనే విడిచెను.

"ఎప్పట్నించి తెలుసు?"

"లారీలోనించి దించిన పొద్దే. మూడేండ్లలో అన్నీ మార్సినావు, ఈ తలుపును మాత్రం ముట్టుకోలా. ఎందుకో నాకు తెలీదా?"

"తెలిసీ మునెయ్యకి ఇస్తానన్నావా?"

"ఇచ్చుంటాను. నడవని బండి యాడిదైతే ఏమి? మగ్గానికి సోటు గావాల."

కావున సకల జనులకును చాటి చెప్పునదేమనగా: ఆ శ్రావణ శుక్రవారమున, పది గంటల ఇరువదితొమ్మిది నిమిషములకు, రాహువు ఇంకొక నిమిషము దూరమున కాచియుండగా, దుర్యోధన పాత్రధారియు, స్పానరు గాండీవియు, నుదుట బానెట్టు గాయమే వీరతిలకముగా గలవాడును అగు చెంగల్రాయుడు, రెండున్నర నూలు ఉంగరమును సాధించి, ఏడడుగుల మహీమండలమును జయించి, రథము దిగి, చుట్టు తిరిగి వెళ్లి, ఎడమ తలుపు తీసెను.