చెడు పుట్టుకతోనే ఉందట, హమ్మయ్య!

మనిషిలో చెడు పుట్టుకతోనే ఉంటుందట. ఇంత చల్లని మాట ఈ మధ్యకాలంలో నా చెవిన పడలేదు!

చెప్పింది మా మనవరాలు స్వాతి. దాని డిగ్రీ పుస్తకంలో పాతకాలపు గొప్ప కథ ఒకటుంది. ఒక ఊళ్ళో అందరూ మంచివాళ్ళే. జోరువానలో ఒక ముసలామె తలుపులు తడితే ఒక్కరూ తియ్యరు. తెల్లారి అందరూ కలిసి ఆమెకు ఘనంగా సమాధి కడతారు.

"చెడు మనిషికి ఎముకల మాదిరి పుట్టుకతోనే వస్తాది తాతా. పరీక్షలో ఇదే రాయాల" అంది.

ఎంత హాయి చూడండి! ఎముకలున్నాయని ఎవరినైనా తిడతామా? బస్సులో చంటిబిడ్డ తల్లి నిలబడి ఉంటే, సీట్లో కూర్చుని కిటికీలోంచి కొండలు చూసేవాడిది తప్పా? ఎముక! పక్కింటి కేబుల్‌కు వైరు తగిలించి సీరియల్ చూసేవాడిది? అదీ ఎముకే!

పెనుకొండ దారిలో ఉన్న మా కాలనీకి వారానికి ఒక నీళ్ళ ట్యాంకర్. ఇళ్ళు అరవై. పొద్దున్నే బిందెకు బదులు ఒక రాయి వరుసలో పెట్టి పనికి పోవడం మా రివాజు. రాయి ఉంటే మనిషి ఉన్నట్టే.

ఆ వారం ట్యాంకర్ వచ్చే రోజు మా కాలనీ మారెమ్మ రాయి నాలుగోది. ఇంట్లో కూతురు సంగీత బాలింత. బిడ్డకు నీళ్ళు పోసి మూడు రోజులు. హారన్ విని మారెమ్మ పరుగెత్తుకొచ్చేసరికి రాయి కాలవలో ఉంది. ఆ చోట జయరాముడి బిందె ఉంది. భజనలో ముందు వరుసలో కూర్చునే జయరాముడు!

"నా రాయి యాడబ్బా?"

"రాయి మీద నీ పేరేమన్నా రాసుండాదా మారెమ్మక్కా?"

"ఇంట్లో పసిబిడ్డ ఉండాదప్పా! మీరన్నా చెప్పండి."

మేమంతా ఎవరి బిందెలోకి వాళ్ళం తొంగి చూసుకున్నాం. ఖాళీ బిందెలో అంతగా ఏముంటుందో! నాది ఐదోది. నేనూ చూసుకున్నాను.

వరుస చివర నిలబడ్డ మారెమ్మ వంతు రాకముందే ట్యాంకర్ అడుగంటింది. ఉత్త బిందెతో వెళ్ళిపోయింది. ట్యాంకర్లు పంపే సారుకు చెప్పుకుంటే, "మీ జనంలోనే మంచితనం లేదు, నేనేం చేసేది?" అన్నాడు. పాపం, ఆయనా ఆ కథ చదివే ఉంటాడు!

మరుసటి వారం ఘోరం జరిగింది. ఎవరో పెద్దమనిషి ఆ దారిన వస్తున్నాడని ఒకేసారి మూడు ట్యాంకర్లు వచ్చాయి!

"మారెమ్మక్కా, ముందు నువ్వు పట్టుకో. బిడ్డకు పోయాల గదా" అంటూ జయరాముడే బిందె ఎత్తి ఆమె ఇంటిదాకా మోశాడు. నేను రెండోది మోశాను. పొద్దెక్కేసరికి కాలనీ అంతా గాలించినా చిటికెడు చెడు దొరకలేదు!

నాకు భయమేసింది. ఎముకలు మూడు ట్యాంకర్ల నీళ్ళకే కరిగిపోతాయా? మరి స్వాతి పరీక్షలో ఏం రాయాలి? సారు ఏం జవాబు చెప్పాలి?

దేవుడు చల్లగా చూశాడు. తర్వాతి వారం మళ్ళీ ఒక్కటే ట్యాంకర్. మేమంతా గబగబా చెడ్డవాళ్ళమైపోయాం. మారెమ్మ మాత్రం ఈసారి రాయిని నమ్మలేదు. బిడ్డను ఒళ్ళో పెట్టుకుని వరుసలో తనే కూర్చుంది.

అటుగా పోతున్న సారు జీపు ఆపి చూశాడు. తల అడ్డంగా ఊపాడు.

"ఏం జనమప్పా! పసిబిడ్డను కూడా లైన్లో పెడతారు!"