రెండు శాఖల జీపు

ఢిల్లీ నుంచి ధాత్రి మేడమ్ తనిఖీకి వచ్చే రోజున హనుమత్ప్రసాద్ తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకుని, వ్యవహారమంతా భోజనాలకల్లా ముగించేయాలని పొద్దున్నే నిశ్చయించుకున్నాడు. పంజాగుట్ట ఆఫీసులో ఆయన నడిపే పథకం చక్కటిది. గొర్రెల నుంచి కాపరులకు అంటుకునే జ్వరాన్ని ఆపడానికి పశువుల డాక్టర్ భానుచందర్, మనుషుల డాక్టర్ మంజూష ఒకే జీపులో మంద దగ్గరికే వెళ్లాలి. జీపు వచ్చింది. డాక్టర్లూ వచ్చారు. ముందు సీట్లో ఎవరు కూర్చోవాలో తేలక రెండేళ్లుగా ఒక్క మందనూ చూసింది లేదు. ఈలోగా ఆ జీపు హనుమత్ప్రసాద్ పిల్లల్ని బడికి దింపుతోంది.

మేడమ్ శిబిరం చూస్తానంది. మట్టిలో తిరగడం హనుమత్ప్రసాద్‌కు పడదు. అందుకని అమీర్‌పేటలో, ఒక కంప్యూటర్ కోచింగ్ సెంటర్ ముందున్న ఖాళీ జాగాలో షామియానా వేయించాడు. బోరబండ అవతల మంద దింపుకున్న కాపరి రాజనర్సయ్య నెలల తరబడి ఆఫీసు చుట్టూ తిరుగుతున్నాడు. ముందురోజు కూడా వచ్చాడు.

"గొర్రెలకు కడుపులు పోతున్నయ్ సార్. మా ఇంటామె సీతాబాయికి సుత జరం వస్తుంది, పోతుంది, మల్ల వస్తుంది."

"రేపు అందర్నీ చూస్తారయ్యా. ఫొటోలో బాగుండేవి ఓ పది గొర్రెల్ని తీసుకురా, చాలు."

"పదింటిని విడదీస్తే మిగతయి ఆగుతయా సార్?"

"అవన్నీ నాకు చెప్పకు. తీసుకురా, అంతే!"

రాజనర్సయ్య తీసుకొచ్చాడు, అన్నిటినీ. యూసుఫ్‌గూడ నుంచి రోడ్డంతా ఉన్ని పరిచినట్టయింది. వెనక బస్సులు హారన్లు మోగించాయి. బెదిరిన పొట్టేలు ఒకటి షామియానా దాటి కోచింగ్ సెంటర్ మెట్లెక్కింది. అది ఎక్కితే మిగతావి కింద ఉంటాయా? జావా క్లాసులో విద్యార్థులు బల్లలెక్కారు. భానుచందర్ కింద నుంచి గొంతు చించుకున్నాడు.

"వాటిని ముట్టుకోకండి! వాటి జబ్బు మీకూ వస్తుంది!"

దాంతో గొర్రెలు పైకి, విద్యార్థులు కిందికి. మెట్ల మీద ఎవరు ఎవరిని తొక్కుతున్నారో తెలియని ఆ ఘడియలోనే ధాత్రి కారు వచ్చి ఆగింది. హనుమత్ప్రసాద్ మైకు లాక్కున్నాడు.

"ఎవరూ కంగారు పడొద్దండీ! గొర్రెల జబ్బు మనుషులకి రాదు! అదంతా ఒట్టి పుకారు!"

జనం నిలబడిపోయారు. షామియానాలో మూలుగుతూ పడుకున్న భార్యను రాజనర్సయ్య లేపాడు. "రాదంటుండు సార్. ఊకెనే వచ్చినం. పోదాం పా."

ధాత్రి హనుమత్ప్రసాద్ వైపు చూసింది. "రాదా? మరి ఈ పథకం దేనికండీ?"

ఆయన కళ్ల ముందు ఆఫీసు, జీపు, కుర్చీ గిర్రున తిరిగాయి. "వస్తుంది మేడమ్! తప్పకుండా వస్తుంది! మహా పాడు జబ్బు!"

మైకు ఇంకా ఆయన చేతిలోనే ఉంది.

ఆ మరుక్షణం జావా విద్యార్థులందరూ చొక్కా చేతులు మడుచుకుని మంజూష బల్ల మీద పడ్డారు. అంతకుముందు గొర్రె చెవి కూడా తాకనివాళ్ల రక్తంతో పరీక్ష కిట్లన్నీ అయిపోయాయి. సీతాబాయి వంతు వచ్చేసరికి మంజూష తల అడ్డంగా ఊపింది.

"చూశారా మేడమ్, ఎంత స్పందనో!" అన్నాడు హనుమత్ప్రసాద్, చెమట తుడుచుకుంటూ.

ధాత్రి సీతాబాయి నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. లేచి ఆయన వైపు తిరిగింది.

"పథకం ఆపను. రేపు పొద్దున్నే కొత్త కిట్లతో జీపు మంద దగ్గరికి వెళ్లాలి. డాక్టర్లిద్దరూ వెనక సీట్లో. మీరు వానలు పడేదాకా మందతోనే ఉంటారు."

"మరి ఆఫీసు, మేడమ్?"

"మంద ఎక్కడుంటే అదే ఆఫీసు."

మర్నాడు హనుమత్ప్రసాద్ సూట్‌కేసు పట్టుకుని బోరబండ అవతల జీపు దిగాడు. రాజనర్సయ్య డాక్టర్లిద్దరికీ దండం పెట్టి లోపలికి పిలిచాడు. సీతాబాయికి పరీక్ష అయింది, మందులూ అందాయి. భానుచందర్ గొర్రెల వరసలో పడ్డాడు. హనుమత్ప్రసాద్ కూడా అడుగు వేయబోతే రాజనర్సయ్య దొడ్డి తడికకు చెయ్యి అడ్డం పెట్టాడు.

"జర ఆగుండ్రి సార్. డాక్టరమ్మా, ముందుగాల గీ సార్ రక్తం చూడుండ్రి. మా గొర్రెలకేమన్న అంటుకుంటే ఎవరు జిమ్మేదార్?"

మంజూష కొత్త సూది విప్పింది.